బోర్డు మీద ఆరు

జూన్ 3, సోమవారం

సర్జరీ పోస్టింగ్ మొదలైంది. ఐదు వారాలు.

ఆపరేషన్ థియేటర్ తలుపు పక్కన ఒక తెల్లబోర్డు ఉంది. థియేటర్ పెద్ద నర్సు, అందరూ సిస్టరమ్మ అంటారు, పొద్దున్నే వచ్చి దాని మీద ఆ రోజు కేసులు రాస్తుంది. ఒక్కో కేసు పక్కన అందులో చేతులు పెట్టేవాళ్ళ గ్లవ్స్ సైజులు రాస్తుంది. పేర్లు కాదు, సైజులే. బోర్డు మీద సైజు ఉంటేనే గ్లవ్స్ తీసి పెడుతుంది. గ్లవ్స్ లేకపోతే కేసులో లేనట్టే. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పద్ధతట. చివరికి మనుషుల్ని కూడా సైజులతోనే పిలుస్తుంది. మా చీఫ్ ఎనిమిది, అయితే ఎదురుగా మాత్రం సార్. నాతో పాటు ఈరోజే చేరిన నా క్లాస్‌మేట్ ఏడున్నర. నా చెయ్యి పట్టుకుని బోర్లా వెల్లకిలా తిప్పి చూసి, "నువ్వు ఆరు తల్లీ. ఆరు స్టాకులో లేవు. అడిగేవాళ్ళు లేక తెప్పించడం మానేశాం" అంది.

చీఫ్ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. చివర్లో ఈ యూనిట్ నుంచి ఒక్క పేరే సర్జరీ శిక్షణకి పంపిస్తారు. లాగ్‌బుక్కులో మూడు గళ్ళున్నాయి. చూసినవి, సాయం చేసినవి, స్వయంగా చేసినవి. మూడో గడిలో కనీసం ఒక్క కేసయినా లేనివాళ్ళు ఈ ఏడాదే కాదు, వచ్చే ఏడాది పరీక్ష రాసి కూడా సర్జరీకి రాలేరు.

ఒక్కటి. ఐదు వారాల్లో ఒక్కటి రాదా? నా బల్ల సొరుగు పిడికి దారాలు కట్టి కట్టి ఇప్పుడు ఆ సొరుగు తెరుచుకోవడం లేదు. ఎడమచేత్తో కూడా ముడి వేయగలను.

నాకు సర్జరీ కావాలి. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా అనను. అంటే నవ్వుతారు.

జూన్ 5

బోర్డు మీద నాలుగు కేసులు. నాలుగింటి పక్కనా 8, 7½. నేను కొత్త కదా, కొంచెం ఓపిక పట్టాలి. (ఏడున్నర కూడా కొత్తే అనుకో.)

జూన్ 8, శనివారం

శనివారం సంతకాల రోజు. చీఫ్ తన గదిలో ఆపరేషన్ రిజిస్టరు తెరిచి పెట్టుకుని, మా లాగ్‌బుక్కుల్ని దానితో సరిచూసి సంతకం పెడతారు. రిజిస్టర్లో పేరు లేకపోతే ఎవరెన్ని చెప్పినా ఒప్పుకోరు.

ఏడున్నర: చూసినవి రెండు, సాయం చేసినవి ఆరు, స్వయంగా ఒకటి. వీపు మీద కొవ్వుగడ్డ.

నేను: చూసినవి పన్నెండు.

నా పుస్తకం తిరగేసి చీఫ్ కళ్ళజోడు పైకి జరుపుకున్నారు. "అబ్బ, ఏం రాతమ్మా నీది! మావాళ్ళ రాతలు చూడు, కోడి కెలికినట్టుంటాయి. ఇకనుంచి ఆపరేషన్ రిజిస్టరు నువ్వే రాయి."

ఇంటికొచ్చేదాకా మురుస్తూనే ఉన్నాను. రిజిస్టరు రాయాలంటే ప్రతి కేసూ దగ్గరుండి చూడాలి, దానివల్ల ఎంతో నేర్చుకోవచ్చు. అమ్మతో చెప్పాను. అమ్మ పోస్టాఫీసులో పార్సెళ్ళ కౌంటర్లో పని చేస్తుంది. బూట్లు విప్పుతూ, "గుమాస్తా పని ఇచ్చారన్నమాట" అంది. అమ్మకి ఈ విషయాలు తెలియవు.

జూన్ 11

ఈరోజు దాదాపు అయ్యేది. పిత్తాశయం కేసుకి ముందు చీఫ్ నావైపు చూసి "నువ్వు..." అన్నారు. చేతులు కడుక్కుని కేసులోకి రమ్మంటారనుకుని సింకువైపు ఒక అడుగు వేశాను కూడా. "...బయట ఆ పేషెంటు తల్లి ఒకటే ఏడుస్తోందమ్మా. కాస్త మాట్లాడి రా. నువ్వయితే బాగా మాట్లాడతావు."

మాట్లాడాను. బాగానే మాట్లాడాను. ఆవిడ ఏడుపు ఆపింది. తిరిగొచ్చేసరికి కుట్లు వేసేస్తున్నారు.

చీఫ్ మంచివారు. నన్ను "అమ్మా" అని తప్ప పిలవరు. ఏడున్నరని "డాక్టర్" అంటారు, కోపమొస్తే "ఒరేయ్" అంటారు. ఇవాళ వాడు గాయం అంచుల్ని లాగి పట్టుకునే రిట్రాక్టరు జారవిడిస్తే థియేటర్ అదిరిపోయేలా అరిచారు. తర్వాత వాడి మణికట్టు పట్టుకుని ఎలా లాగాలో తనే చూపించారు. నామీద ఇంతవరకు ఒక్కసారి కూడా అరవలేదు. ఆ విషయంలో అదృష్టవంతురాల్ని.

జూన్ 13

అడిగేశాను.

"సార్, రేపటి హెర్నియాలో నేను చేతులు కడుక్కోవచ్చా?"

"తప్పకుండామ్మా! ఇన్నాళ్ళూ అడగవేం? సిస్టర్‌కి చెప్పు."

సిస్టరమ్మ స్టోర్ తలుపు తీసి చూపించింది. ఏడు, ఏడున్నర, ఎనిమిది పెట్టెలు నడుమెత్తు. ఆరు లేవు, ఆరున్నర కూడా లేవు. "ఏడు వేసుకుంటావా?" అంది. వెనక నుంచి వింటున్న చీఫ్, "పెద్ద గ్లవ్స్‌తో సూది ఎలా పట్టుకుంటుంది సిస్టర్? వద్దులే. ఈసారికి చూడమ్మా, స్టూలు వేసుకో" అన్నారు.

ఆరు తెప్పించడానికి సిస్టరమ్మ చీటీ రాసి పెట్టిందట. దాని మీద చీఫ్ సంతకం కావాలి. ఆయన బల్ల మీదే ఉందట.

జూన్ 14

స్టూలెక్కి హెర్నియా చూశాను. నిజానికి ఏడున్నర వీపు చూశాను. ఆ గౌను వెనక ముడి ఎలా ఉంటుందో అడిగితే బొమ్మ గీసి చూపిస్తా.

జూన్ 15, శనివారం

చూసినవి: ఇరవై నాలుగు. చీటీ ఇంకా బల్ల మీదే ఉంది, పేపరు వెయిట్ కింద. పాపం, చీఫ్‌కి బోలెడు పనులు.

జూన్ 18, మంగళవారం

నేను కుట్టాను. నేను కుట్టాను. నేను కుట్టాను.

వరసగా రాయాలి. స్కూలు బస్సు డ్రైవరు, నలభై రెండేళ్ళు, అపెండిక్స్ పగిలి వచ్చాడు. బోర్డు మీద ఎప్పట్లాగే 8, 7½. నేను గోడ పక్కన రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను. చీఫ్ అపెండిక్స్ తీసేసి లోపలంతా కడుగుతున్నారు. అంతలో పక్క థియేటర్ నుంచి పరుగెత్తుకొచ్చారు, రక్తం ఆగడం లేదు, వెంటనే రమ్మని. చీఫ్ గ్లవ్స్ లాగి పారేశారు. "డాక్టర్, నువ్వూ రా. గట్టిగా పట్టుకునే చెయ్యి కావాలి." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "ఇది మూసేవాళ్ళెవరు? సరే, ఆ అమ్మాయిని మూసెయ్యమనండి."

ఇద్దరూ వెళ్ళిపోయారు. గదిలో పేషెంటు, మత్తు డాక్టరు, సిస్టరమ్మ, నేను. మత్తు డాక్టరు నావైపు చూసి, "ముహూర్తం చూసుకుంటావా ఏంటి, కానియ్" అన్నాడు.

సిస్టరమ్మ ఏడు సైజు ఇచ్చింది. వేళ్ళ చివర్లు ఖాళీగా ఊగాయి. "మీద ఇంకో జత వేసుకో" అంది. అప్పుడు కాస్త పట్టు దొరికింది. లోపలి పొర, కండరం, దాని మీది గట్టి పొర, చివరికి చర్మం. చర్మం మీద తొమ్మిది కుట్లు, అన్నీ ఒకే దూరంలో. మధ్యలో సిస్టరమ్మ ఏదో అంది, సరిగ్గా వినలేదు. అయిపోయాక పరికరాలు లెక్కపెడుతూ "చేతులు బాగున్నాయి" అంది.

రిజిస్టరు గబగబా రాసేసి క్యాంటీన్‌కి వెళ్ళి వరసగా రెండు టీలు తాగాను. రెండో టీ దగ్గర నవ్వాగలేదు. పక్కబల్ల వాళ్ళు చూశారు. చూడనీ.

జూన్ 19

పొద్దున్నే వార్డుకి వెళ్ళాను. డ్రైవరు లేచి కూర్చున్నాడు.

"సిస్టర్, మంచినీళ్ళెప్పుడిస్తారు?"

"నేను సిస్టర్ని కాదండీ, డాక్టర్ని."

"అలాగే సిస్టర్."

ఆ కుట్లు నావే అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

సాయంత్రం అమ్మకి చెప్పాను. కూరగాయలు తరుగుతున్నది ఆగిపోయింది. "మనిషినే?" అంది. "మనిషినే." "మొత్తం నువ్వే?" "మూయడం మాత్రమే అమ్మా." "మూతేగా ముఖ్యం. మా దగ్గర పార్సెల్ మూత సరిగ్గా లేకపోతే లోపల ఏమున్నా తిప్పి పంపేస్తాం." తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని చూసింది. బోర్లా వెల్లకిలా తిప్పి చాలాసేపు చూసింది.

జూన్ 22, శనివారం

గాయం స్వయంగా మూసినా మూడో గడిలో లెక్కే. లాగ్‌బుక్కులో నిన్న సాయంత్రమే రాసి పెట్టుకున్నాను. ఒకటి.

చీఫ్ రిజిస్టరు తెరిచారు. వేలు కిందికి జరిగి ఆగింది.

"పద్దెనిమిదో తారీఖు... ఇక్కడ నీ పేరు లేదే అమ్మా."

లేదు. రిజిస్టర్లో సైజులుండవు, అసలు పేర్లే ఉంటాయి. చేసినవారు అన్న గడిలో చీఫ్ పేరు. సాయం అన్న గడిలో ఏడున్నర పేరు. మూసినవారు అన్న గడిలో కూడా ఏడున్నర పేరే. గుండ్రటి అక్షరాలతో, అందంగా, నా చేతిరాతతో.

రెండు వారాలుగా రోజూ బోర్డు చూసి రిజిస్టర్లోకి ఎక్కిస్తున్నాను. ఆ రోజూ అదే చేశాను. అప్పుడే గ్లవ్స్ విప్పిన చేత్తో.

"సార్, అలవాటులో రాసేశాను. మూసింది నేనే. మీరే చెప్పారు."

"నేనా?" నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించారు. "ఆ రోజు హడావుడిలో... నీ రాతే కదమ్మా ఇది." కొంచెం నవ్వారు. అడుగున ఏడున్నర లాగ్‌బుక్కు ఉంది. అందులో ఆ కేసుకి అప్పటికే సంతకం పడింది. వాడు సెలవు మీద ఊరెళ్ళాడు. "సోమవారం వాణ్ణీ సిస్టర్నీ అడిగి చూద్దాంలే. రిజిస్టర్లో ఉన్నది మార్చడమంటే మాటలు కాదు."

నన్ను నేనే తీసి పారేశాను. ఎవరూ చెప్పకుండానే.

జూన్ 23

ఏడున్నరకి ఫోన్ చేశాను. "అయ్యో, సారీ! నేను రిజిస్టరు చూసి ఎక్కించేశాను. ఆ రోజు నాకు మూడు కేసులు కదా, ఏది ఏదో కలిసిపోయింది. రేపు రౌండ్స్‌లో సార్‌కి నేనే చెప్తా, సరేనా?"

మంచివాడు. వాడికి ఎన్ని కేసులంటే ఏవి చేశాడో కూడా గుర్తులేదు.

జూన్ 24, సోమవారం

రౌండ్స్. డ్రైవరుకి రాత్రి నుంచి జ్వరం. చీఫ్ కట్టు విప్పారు. గాయం ఎర్రగా, ఉబ్బి ఉంది. నొక్కితే రెండో కుట్టు పక్క నుంచి చీము వచ్చింది. అక్కడికక్కడే తొమ్మిది కుట్లూ కత్తిరించారు. చర్మం విచ్చుకుపోయింది. డ్రైవరు పళ్ళు బిగబట్టి మంచం పట్టీ పట్టుకున్నాడు.

చీఫ్ ఏడున్నర వైపు తిరిగారు. "ఏంట్రా ఇది? చీమున్న పొట్టకి చర్మం మూస్తారా? తెరిచి వదిలేసి, శుభ్రమయ్యాక కుట్టాలని చదువుకోలేదూ?"

శనివారం నేను చెప్పింది ఆయనకి గుర్తున్నట్టే లేదు. వాడు నావైపు చూశాడు. నేను మంచం చక్రం వైపు చూశాను. దానికి తాళం వేసుంది.

చెప్తానన్నవాడు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఈ డైరీలో పద్దెనిమిదో తేదీ కింద ఒక అబద్ధం రాశాను. సిస్టరమ్మ అన్న మాట నాకు బాగానే వినబడింది. "లోపలంతా చీము కదా, చర్మం వదిలేస్తావా?" అంది. "మూసేద్దాం" అన్నాను. నాకు తెలియక కాదు. పరీక్షలో ఇదే ప్రశ్నకి సరైన జవాబు రాశాను. కానీ వదిలేస్తే పైన గుడ్డ ముక్క తప్ప ఏమీ కనిపించదు. పొద్దున రౌండ్స్‌లో అందరూ చూసేది చర్మం మీది కుట్లే. అవి నావి కావాలనిపించింది. రెండు వారాలు వీపులు చూసి చూసి, అవి నావి కావాలనిపించింది.

ఆ మనిషి పళ్ళు బిగబట్టింది అందుకు.

జూన్ 25

దుప్పట్ల గది దగ్గర ఏడున్నర ఆపాడు.

"గురువారం మీటింగులో ఈ కేసు పెడుతున్నారు. అన్ని యూనిట్లవాళ్ళూ వస్తారు. నువ్వేం మాట్లాడకు. మాటలు నేను పడతాను."

"ఎందుకు?"

"నాకయితే ఏం కాదు. రెండు తిట్లు తిట్టి వదిలేస్తారు. నువ్వు చెప్పావనుకో, నీ తర్వాత వచ్చే అమ్మాయిల్ని కూడా ఆపరేషన్ బల్ల దగ్గరికి రానివ్వరు. నీకు తెలీదా?"

తెలుసు. వాడికీ తెలుసని ఇవాళే తెలిసింది.

"మరి నా మూడో గడి?"

"సార్‌ని అడిగి ఇంకో చిన్న కేసు నీకు ఇప్పిస్తా. ప్రామిస్."

ఇప్పిస్తాడట. నాతో పాటు అదే సోమవారం అదే తలుపులోంచి లోపలికొచ్చినవాడు.

తర్వాత సిస్టరమ్మ దగ్గరికెళ్ళాను. గాజుగుడ్డ మడతలు పెడుతోంది. తలెత్తకుండానే, "నన్నెవరైనా అడిగితే అబద్ధం చెప్పను. అడగకపోతే నేనుగా చెప్పను. అది నీ కేసు" అంది.

ఇంట్లో అమ్మని అడిగాను. "మీ కౌంటర్లో రిజిస్టరు తప్పు రాస్తే ఏం చేస్తారు?"

"అడ్డంగా ఒక్క గీత. కింద రాసింది కనబడాలి. పైన సరైనది రాసి, పక్కన సంతకం, తేదీ. దిద్దకూడదు, గోకకూడదు. ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే అడిగే మొహమా అది?" అంది.

జూన్ 26

చెప్పను. వాడు కేసు ఇప్పిస్తానన్నాడు. మూడో గడి నిండుతుంది, పేరు పాడవదు, నా తర్వాత వచ్చేవాళ్ళకీ ఇబ్బంది ఉండదు. అందరికీ ఇదే మంచిది. చెప్పను.

జూన్ 27, గురువారం

మీటింగు హాల్లో నలభై మంది. తెర మీద విచ్చుకున్న గాయం ఫోటో, తలుపంత పెద్దది. నేను నాలుగో వరసలో కూర్చున్నాను. ఫోటోలో చర్మం అంచున నా సూది గుచ్చిన రంధ్రాలు కనబడుతున్నాయి. ఒకే దూరంలో.

"మూసింది మా కుర్రాడు" అన్నారు చీఫ్. ఏడున్నర తల వంచుకుని లేచి నిలబడ్డాడు. ఎవరో "చీములో కుట్లు వేశావా హీరో!" అన్నారు. చీఫ్ వాడి భుజం మీద చెయ్యి వేశారు. "మొదటి అపెండిక్స్ పాపం. మొదట్లో నేను చేసినవి చూపిస్తే మీరంతా పారిపోతారు." హాలంతా నవ్వింది. "చేతులు పెడితేనే కదా నేర్చుకునేది. వచ్చే వారం ఇంకో రెండు అపెండిక్స్‌లు వీడికే ఇస్తాను. చర్మం ఎప్పుడు వదిలెయ్యాలో ఇక జన్మలో మర్చిపోడు."

లేచి నిలబడ్డాను. నిజాయితీ వల్ల అని రాసుకోవాలని ఉంది. కాదు. ఆ రెండు అపెండిక్స్‌ల వల్ల. నా తప్పుకి వాడికి రెండు అపెండిక్స్‌లా అని కడుపు మండింది.

"ఆ చర్మం మూసింది నేను సార్."

వెంటనే ఎవరికీ అర్థం కాలేదు. చీఫ్ "ఏంటమ్మా?" అన్నారు. మళ్ళీ చెప్పాను. ఏడున్నర నేల చూస్తూ, "అవును సార్. నేనప్పుడు మీతో పక్క థియేటర్లో ఉన్నాను" అన్నాడు.

"చీముందని తెలీదా?"

"తెలుసు సార్. సిస్టర్ అడిగారు కూడా. తెలిసే మూశాను."

వాడి భుజం మీది చెయ్యి కిందికి దిగింది. చీఫ్ అరుస్తారనుకున్నాను. అరవలేదు. మెత్తగా, చాలా మెత్తగా అన్నారు. "పర్లేదు, కూర్చోమ్మా. నీ తప్పు కాదు, నాదే. నీకు అప్పగించకుండా ఉండాల్సింది."

వెనక వరసలో ఒకాయన, "వార్డు పని మాత్రం భలే చేస్తారండీ ఈ ఆడపిల్లలు" అన్నాడు. మెచ్చుకుంటూనే.

కూర్చోలేదు. "సార్, రెండు నిమిషాల కిందట ఇదే తప్పుకి రెండు కేసులు ఇస్తానన్నారు."

మత్తు డాక్టరు ఒకసారి దగ్గాడు. చీఫ్ తెర వైపు తిరిగి, "తర్వాతి కేసు" అన్నారు.

జూన్ 28

చీఫ్ గదికి వెళ్ళాను. రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్ళాను.

"దిద్దడానికి... కాదు, సరిచేయడానికి వచ్చాను సార్."

"ఇప్పుడెందుకమ్మా? అందరికీ తెలిసిపోయిందిగా. ఆ కేసు నీ పేరు మీద ఉంటే నీకే మచ్చ."

"తప్పు నాదయితే కేసూ నాదే సార్. మూడో గడిలో మీ సంతకం కావాలి."

నావైపు చాలాసేపు చూశారు. ఆ చూపులో కోపం ఉంది. నాకది హాయిగా అనిపించింది, ఎందుకో. అమ్మ చెప్పినట్టే అడ్డంగా ఒక్క గీత గీశాను. ఏడున్నర పేరు కింద కనబడుతూనే ఉంది. పైన నా పేరు, పక్కన సంతకం, తేదీ. ఆయన లాగ్‌బుక్కు లాక్కుని సంతకం చేసి, పక్కన "గాయం విచ్చుకుంది" అని రాశారు. కోడి కెలికినట్టే ఉంది, కానీ చదవొచ్చు.

స్వయంగా చేసినవి: ఒకటి.

పేపరు వెయిట్ కింద నుంచి చీటీ తీసి ముందు పెట్టాను. "ఇది కూడా సార్." ఏమిటని చూడకుండానే సంతకం పెట్టేశారు. ఇన్నాళ్ళూ చీఫ్‌కి బోలెడు పనులని రాస్తూ వచ్చాను. పట్టింది నాలుగు సెకన్లు.

జూలై 1, సోమవారం

డ్రెస్సింగ్ చేస్తూ డ్రైవరుకి చెప్పేశాను. "మీకు కుట్లు వేసింది నేనండీ. ఆ రోజు చర్మం మూయకుండా వదిలేయాలి. నేను మూశాను. అందుకే ఇలా అయింది."

"పెద్ద డాక్టరు కాదా?"

"కాదండీ."

"వారంలో బండెక్కుతానన్నారు. పదమూడు రోజులైంది. నా బదులు పెట్టినవాడికి బ్రేకు తొక్కడం రాదు. పిల్లలు సీట్లలోంచి జారిపోతున్నారట." గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను కట్టు కట్టడం పూర్తి చేశాను. గాయం ఎర్రగా, శుభ్రంగా ఉంది. చీము లేదు.

తలుపు దాకా వచ్చాక, "మళ్ళీ ఎప్పుడు కుడతారు?" అన్నాడు.

"గురువారం."

"ఎవరు?"

"తెలీదండీ" అన్నాను.

జూలై 3

శిక్షణకి పేరు వెళ్ళింది. ఏడున్నర.

ఊహించిందే. ఊహించిందే అని నాలుగుసార్లు అనుకుని, దుప్పట్ల గదిలోకి వెళ్ళి ఉతికిన దుప్పట్లలో మొహం పెట్టి ఏడ్చాను. తర్వాత వచ్చే ఏడాది పరీక్ష దరఖాస్తు తీసి చూశాను. మూడో గడిలో కనీసం ఒకటి ఉండాలి. ఉంది.

జూలై 4, గురువారం

బోర్డు మీద చివరి కేసు: గాయం తిరిగి కుట్టడం. పక్కన 8, 6.

సిస్టరమ్మ రాసింది. ఎవరు రాయమన్నారని అడిగితే, "స్టాకు వచ్చింది, రాశాను" అంది.

చీఫ్ బోర్డు ముందు ఆగారు. జేబులో చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డారు. తర్వాత లోపలికొచ్చి, "డాక్టర్ ఏడీ? కడుక్కోమను" అన్నారు. ఏడున్నర సింకు దగ్గరే ఉన్నాడు. కుళాయి విప్పలేదు. "సార్, ఈ గాయం నాకు తెలీదు. దీంట్లో నేను చెయ్యి పెట్టనేలేదు."

డ్రైవరు బల్ల మీద మెలకువగానే ఉన్నాడు, మత్తు గాయం చుట్టూ మాత్రమే. అతనే అన్నాడు: "ఆ అమ్మాయినే కుట్టనివ్వండి సార్. గుంత ఎక్కడుందో అందులో పడ్డవాడికి తెలిసినట్టు ఇంకెవడికి తెలుస్తుంది? కొత్తవాళ్ళయితే కొత్త తప్పు చేస్తారు."

చీఫ్ నవ్వలేదు. "కడుక్కో" అన్నారు నాతో. అమ్మా అనలేదు.

సిస్టరమ్మ కొత్త పొట్లం చించింది. వేళ్ళు చివరిదాకా వెళ్ళి ఆగాయి. ఎక్కడా గాలి లేదు. పిడికిలి మూసి తెరిచి చూసుకున్నాను.

చీఫ్ అవతలివైపు, సాయం చేసేవాళ్ళు నిలబడే చోట నిలబడ్డారు. మొదటి కుట్టు వేశాను. ఆయన దారం కత్తిరించారు. రెండోది. కత్తిరించారు. మూడో కుట్టుకి సూది తిప్పుతుంటే ఉన్నట్టుండి థియేటర్ అదిరిపోయింది.

"ఆ మోచెయ్యేంటి? ఎక్కడ పెట్టావు దాన్ని? దించు! దించమంటే!"

మత్తు డాక్టరు ఉలిక్కిపడ్డాడు. డ్రైవరు "నాదా సార్?" అన్నాడు. చీఫ్ నా మణికట్టు పట్టుకుని కిందికి వంచి, సూది ఏ వాలున వెళ్ళాలో తిప్పి చూపించారు. "ఇలా. మళ్ళీ వెయ్. ఒకటో తరగతా నువ్వు? మళ్ళీ!"

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మాస్కు కింద నవ్వుతున్నాను. మళ్ళీ వేశాను. సరిగ్గా వచ్చింది. దూరం దూరంగా, వదులుగా ఆరు కుట్లు. చూడటానికేమీ బాగా లేవు. ఉండాల్సినట్టు ఉన్నాయి.

గ్లవ్స్ విప్పి, చేతులు తుడుచుకుని రిజిస్టరు తెరిచాను. బోర్డు వైపు చూడలేదు. చేసినవారు అన్న గడిలో నా పేరు రాశాను. సాయం అన్న గడిలో చీఫ్ పేరు రాశాను. సిరా ఆరడానికి పుస్తకం తెరిచే ఉంచాను.

చీఫ్ వెళ్ళబోతూ ఆగి, కళ్ళజోడు పైకి జరుపుకుని చదివారు. ఆ గడి మీద వేలు పెట్టారు.

"అలవాటులో రాశావా?"

"లేదు సార్. చూసి రాశాను."